ప్రశ్నలు మన పిల్లలే అడగాలి

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మన మధ్యే ఉండి రాశారు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండిలో వాచకాలు వచ్చాయి. మన యువకులు పాఠం చెప్పేవాళ్లయ్యారు. పరిశోధన మాత్రం ఎక్కువగా బయటివారి చేతిలోనే ఉండిపోయింది.

ఇప్పటికీ హాస్టల్లో మన పిల్లల వేలు గుచ్చి రక్తం చూస్తారు, ఎత్తూ బరువూ రాసుకుపోతారు. రాత్రి నిద్ర పడుతోందా, ఇంటి మీద బెంగగా ఉందా, గోండిలో మాట్లాడితే ఎవరైనా నవ్వుతున్నారా అని అడిగేవాళ్లు తక్కువ. ఆ ప్రశ్నలు మన పిల్లలకే తెలుసు. అందుకే ఏం అడగాలో వాళ్లే తేల్చాలి, తమ భాషలో అడగాలి, తెలిసింది ముందు గూడెంలో చదివి వినిపించాలి. మార్లవాయిలో మొదలైన దారిలో మనం వేయాల్సిన తర్వాతి అడుగు ఇదే.