అబ్బ అతికిన అచ్చు

ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం చరిత్ర రాయమని సంచిక వాళ్లు అడిగినప్పుడు, గుంత మగ్గంలోకి కాళ్లు దించి కూర్చున్న అబ్బ కళ్లముందు మెదిలాడు. మాకేమీ చుట్టరికం లేదు. వీధిలో అందరికీ ఆయన అబ్బే. నాకంటే నలభై ఏళ్లు పెద్దవాడు, అయినా నాకు స్నేహితుడు. పోయి ఏడాది దాటింది. ఆయన్ను పక్కన పెట్టి ఈ చరిత్ర రాయడం నాకు చేతకాలేదు.

సంఘం 1938లో పుట్టింది. అబ్బ కూడా ఆ ఏడాదే పుట్టాడని వాళ్లమ్మ చెప్పేదట. అప్పటికి మనది మద్రాసు ప్రెసిడెన్సీ, బళ్లారి జిల్లా, ఆదోని తాలూకా. నేతగాళ్ల సంఘాలన్నిటికీ పెద్దదిక్కుగా మద్రాసులో ఒక సహకార సంస్థ ఏర్పడి అప్పటికి మూడేళ్లు. ఇక్కడ సంఘం పెట్టడానికి పూనుకున్నవారు మాచాని సోమప్ప గారు. అంతకుముందు సంగతి అబ్బ వాళ్ల నాయన దగ్గర విన్నది: నూలు సావుకారు ఇస్తాడు, గుడ్డ సావుకారే తీసుకుంటాడు, ధర సావుకారే చెబుతాడు, పాత బాకీ పట్టుకొని మిగిలింది చేతిలో పెడతాడు. సంఘం వచ్చాక నూలు సంఘానిది, మజూరీ ముందే తెలిసింది, సంఘంలో వాటా నేతగానిది. "మా నాయన సావుకారి అరుగు కింద నిలబడేవాడు. నేను సంఘంలో బెంచీ మీద కూర్చున్నా" అనేవాడు అబ్బ. సంఘం ఏం చేసిందని అడిగేవాళ్లకు నేను ఇప్పటికీ ఈ మాటే చెబుతాను.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి నుంచి ఇటు వచ్చాయి. మొదటి రెండూ కర్నూలు జిల్లాలో కలిశాయి. "నేను ఊరు కదల్లేదప్పా, జిల్లానే మారింది" అని అబ్బ మురిసిపోయేవాడు. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు, ఆదోని బజారులో ఉర్దూ, మూడూ ఆయన నాలుక మీద ఆడేవి. మిల్లు గుడ్డ మీద సుంకం వేసి ఆ డబ్బుతో చేనేతకు ఊతమిచ్చే చట్టం కూడా 1953లోనే వచ్చింది. మరుసటి ఏడు, పద్మ పురస్కారాలు మొదలైన 1954లోనే, సోమప్ప గారికి పద్మశ్రీ వచ్చింది. అబ్బ మాత్రం దాన్ని ఎప్పుడూ "మన సంఘం పద్మశ్రీ" అనే అనేవాడు.

నాకు ఆయనతో ఆదోని వెళ్లడమంటే పండగ. బస్సులో గంట ప్రయాణం. పని ఏదైనా సరే, చివరికి పత్తి యార్డు దగ్గర తేలేవాళ్లం. కుప్పలోంచి చిటికెడు దూది తీసి, రెండు చేతుల వేళ్లతో మెల్లగా లాగి, పింజ ఎంత పొడవుందో చూసేవాడు. కొనేది లేదు, అమ్మేది లేదు. "ఇది ఎక్కడో నూలై మళ్లీ నా దగ్గరికే వస్తుందేమో, ముందే పలకరించి పోతా" అనేవాడు.

ఆయన మగ్గం గురించి చెబుతూ ఆయన ఇంటావిడను మరిచిపోతే పాపం. జేజి రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టకపోతే నాడెలో పెట్టడానికి ఏముంటుంది? తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు పరిచి గంజి పెట్టేటప్పుడు ఇంటిల్లిపాదీ ఉండాల్సిందే. మగ్గం ఒకటి, నేతగాడు ఒకడు అని లెక్క రాసుకుంటాం. ఆ ఒక్కడి వెనక ఎందరి చేతులు పడ్డాయో మన చరిత్రల్లో ఎక్కడా ఎక్కలేదు. ఈ సంచికలోనైనా ఎక్కాలని నా కోరిక.

1985లో కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ చట్టం వచ్చినా, మరమగ్గాల గుడ్డ చేనేత పేరుతో అమ్ముడుపోతూనే ఉంది. వీధిలో మగ్గాల చప్పుడు పలచబడింది. పిల్లలు వేరే పనులకు పోయారు. అబ్బ ఎవర్నీ తప్పు పట్టలేదు. తాను నేసే దుప్పటి రకం మార్చలేదు, పన్నె మార్చలేదు.

పన్నె అంటే పడుగు పోగులు దూరే దువ్వెన లాంటిది, దాని సంగతి చెప్పాలి. ఒక పడుగు అయిపోయినప్పుడు పన్నెలో ఉన్న పోగులను పూర్తిగా లాగేయరు. జానెడు కొసలు అలాగే వదిలి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి కలిపి మెలిపెడతారు. దాన్నే అచ్చు అతకడం అంటారు. వందల పోగులు, ఒక్కటి తప్పినా గుడ్డలో గీత పడుతుంది. రకం మారనంత కాలం పాత పోగు వెంట కొత్త పోగు పన్నెలోకి నడుస్తుంది. "మా నాయన కూర్చోబెట్టిన పోగుకే నేను అతుకుతూ వస్తున్నా, మధ్యలో తెంపలేదు" అని అబ్బ ఒకసారి ఆ కొసలు నా వేళ్లకు తగిలించి చూపించాడు. ఆ రోజు నీలకంఠేశ్వర జాతర, వీధంతా తేరు దగ్గరుంది. మేమిద్దరం మగ్గం దగ్గరే ఉండిపోయాం.

ఆయన పోయాక ఇంటివాళ్లు గుంత పూడ్చి బండలు పరిచారు. చోటు కావాలి కదా. పన్నెను మాత్రం కొసలతో సహా తీసి, పోగులు జారకుండా గుత్తులు గుత్తులుగా ముడివేసి, పాత దుప్పటిలో చుట్టి అటక మీద పెట్టారు. మొన్న ఈ వ్యాసం కోసం వెళ్లినప్పుడు జేజి దాన్ని దింపించి నా ఒళ్లో పెట్టింది. ముడులు లెక్కపెట్టబోయాను. "విప్పొద్దు నాయనా" అంది.