కొట్టు లోపలి నుంచి సాల్‌ఫర్డ్

బళ్లో పారిశ్రామిక విప్లవం పాఠం చెప్పేటప్పుడు నోటికొచ్చేవి యంత్రాల పేర్లే. స్పిన్నింగ్ జెన్నీ, ఆవిరి యంత్రం, మాంచెస్టర్ బట్ట. ఆ మాంచెస్టర్ సందుల్లో పుట్టి పెరిగిన పిల్లలు యేం తిన్నారో, యెవరితో ఆడుకున్నారో, యెవరు వాళ్లని గడప తొక్కనివ్వలేదో పాఠంలో వుండదు. నేను సాంఘికశాస్త్రం చెప్పే పంతుల్ని. మా యింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి. పాఠంలో యెవరు వున్నారనేదాని కంటే యెవరు లేరనేదే నా కంటికి ముందు కనిపిస్తుంది.

మాంచెస్టర్ పక్కనే, యిర్వెల్ నదికి అవతలి వొడ్డున సాల్‌ఫర్డ్ వుంది. పేరుకు రెండు వూళ్లు, చూడ్డానికి వొకటే. నూలు మిల్లులు, అద్దకం పనులు, గ్యాసు ఫ్యాక్టరీ, 1894లో షిప్ కెనాల్ తెరిచాక రేవు కూలీలు. ఆ వాడల బతుకుని ప్రపంచం ముందు పెట్టినవాళ్లలో పెద్దపేరు యెంగెల్సుది. మన కామ్రేడ్లందరికీ తెలిసిన యెంగెల్సే. 1842లో వచ్చాడు. తండ్రికి వాటా వున్న నూలు కంపెనీలో పని నేర్చుకుంటూ వాడలన్నీ తిరిగాడు. 1845లో పుస్తకం అచ్చేశాడు. గొప్ప పుస్తకం, కాదనను. అయితే అతను మిల్లు వాటాదారు కొడుకు. వాడ చూసి తన బసకి తిరిగెళ్లేవాడు. అతనికి ఆ సందుల దారులు చూపింది మేరీ బర్న్స్ అనే ఐరిష్ శ్రామికురాలని చెబుతారు. ఆమె చెప్పుకున్న కథ మాత్రం మనకు మిగల్లేదు. దారి చూపినవాళ్ల మాట పోయి, చూసినవాళ్ల మాట నిలబడ్డం మనకు కొత్తా?

నూటపాతికేళ్లు గడిచాక, 1971లో, ఆ వాడలోనే పుట్టినవాడు వొకడు నోరు విప్పాడు. పేరు రాబర్ట్ రాబర్ట్స్. 1905లో పుట్టాడు. పుస్తకం పేరు 'ది క్లాసిక్ స్లమ్'. సాల్‌ఫర్డ్‌కి యెంగెల్స్ పెట్టిన పేరునే తన పుస్తకానికి పెట్టుకున్నాడు. అటు రైలుకట్ట, యిటు రైలుకట్ట, మధ్యలో వో ముప్పై వీధులు. దాన్ని అతను పల్లె అనే అంటాడు. తండ్రి ఇంజనీరింగ్ పనివాడు, తాగుబోతు. తల్లి వీధి మూలన చిల్లరకొట్టు నడిపేది. కొడుకు ఆ కొట్టు వెనకే పెరిగాడు. తర్వాత పంతులయ్యాడు. జైల్లో ఖైదీలకు అక్షరాలు నేర్పాడు. జైలు చదువుల మీద 1968లోనే వొక పుస్తకం రాశాడు. ఆ తర్వాతే తన వాడ గురించి రాశాడు.

యీ పుస్తకం నాకు యూనివర్సిటీ లైబ్రరీలో దొరికింది. యింగ్లీషు నాకు నెమ్మదిగా సాగుతుంది. పక్కన డిక్షనరీ పెట్టుకుని నెలరోజులు చదివాను. మొదటి అధ్యాయంలోనే ఆగిపోయాను. కార్మికులంతా వొకటే అని మనం సభల్లో వింటాం కదా. రాబర్ట్స్ వొప్పుకోడు. వాడలో మెట్లు వున్నాయంటాడు. పైన కొట్టువాళ్లు, సారాకొట్టువాళ్లు, చేతిపని తెలిసిన నిపుణులు. కింద కూలీలు. వాళ్లలో మళ్లీ తేడాలు. ఐరిష్ కాథలిక్కులు యింకా కింద. వొకే వీధిలో యీ వైపు ఆ వైపు కంటే గొప్ప. గడపరాయి రోజూ తోమి తెల్లగా వుంచే యిల్లు మర్యాదస్తుల యిల్లు. టోపీ పెట్టుకునే ఆడమనిషి వేరు, శాలువా కప్పుకునే ఆడమనిషి వేరు. యీ మెట్లకు అతను వాడిన మాట కులమే.

యివన్నీ అతనికి యెట్లా తెలుసు? కొట్టు వల్ల. అరువు పుస్తకం వల్ల. కొత్త మనిషి వచ్చి అరువు అడిగితే అతని తల్లి లెక్కలు వేసుకునేది. మొగుడికి పని వుందా, యెంతమంది పిల్లలు, తాగుతారా, ముందున్న వీధిలో బాకీలు యెగ్గొట్టారా. ఆమె సరేనంటే ఆ వారం ఆ యింట్లో పొయ్యి వెలిగేది. సోమవారం పొద్దున్నే ఆడవాళ్లు ఆదివారం బట్టలు మూటగట్టి తాకట్టు కొట్టుకు మోసుకెళ్లేవాళ్లు. శనివారం కూలి రాగానే విడిపించుకునేవాళ్లు. వారం వారం అదే పని. పన్నెండేళ్లు నిండిన పిల్లలు సగం రోజు మిల్లు, సగం రోజు బడి. మధ్యాహ్నం బల్ల మీద తల పెట్టి నిద్రపోయే ఆ పిల్లల్ని నేను తేలిగ్గానే వూహించుకోగలను. మా పల్నాడులో మిరపకోతలప్పుడు నా తరగతి సగం ఖాళీ. ఆ సగంరోజు పద్ధతి తీసేయడానికి వాళ్లకు 1918 చట్టం కావాల్సి వచ్చింది. అమల్లోకి వచ్చేసరికి 1921.

నాకూ వొక కొట్టు తెలుసు. మా వూరి మధ్యలో వుండేది. రాబర్ట్స్ కొట్టు లోపల నిలబడి చూశాడు. మా అమ్మ, నేను కొట్టు బయట నిలబడ్డాం. అరువు మాకూ యిచ్చేవాళ్లు. కాకపోతే చిల్లర చేతిలో పెట్టేవాళ్లు కాదు, అరుగు మీద పడేసేవాళ్లు. నూనె సీసా మేం కింద పెట్టి యెడంగా జరిగితే పైనుంచి పోసేవాళ్లు. సాల్‌ఫర్డ్ కొట్లో అరువు దొరకని తల్లి ఆకలితో వెళ్లిపోయింది, నిజమే. ఆమె తగిలిన గిన్నెని యెవరూ కడుక్కోలేదు.

ఆ వూరికీ మా పల్లెకీ యింకో లంకె వుంది, నూలుపోగంత లంకె. తెలుగు జిల్లాల్లో ముతకగుడ్డ నేసింది మాలలు. తెల్లదొరలు రాసుకున్న కులాల పుస్తకాల్లో కూడా యీ మాట వుంది. మొదట లాంకషైర్ మరనూలు వచ్చి రాట్నాన్ని పడగొట్టింది. తర్వాత మరబట్ట మగ్గాన్ని నెమ్మదిగా తినేసింది. బొంబాయి మిల్లులూ చేయి కలిపాయి. మా నాయనమ్మ యింట్లో మగ్గం గుంట పూడ్చి దాని మీద నీళ్ల గాబు పెట్టారు. నేత పోయి కూలి మిగిలింది. 1861లో అమెరికాలో యుద్ధం వచ్చి పత్తి ఆగిపోతే లాంకషైర్‌లో మిల్లులు మూతపడి కార్మికులు పస్తులున్నారు. వాళ్ల ఆకలి చరిత్రకెక్కింది. దానికి పేరుంది, సంవత్సరాలున్నాయి. మగ్గం గుంట పూడిన సంవత్సరం మా యింట్లో యెవరికీ తెలీదు.

కొందరు మిత్రులు యీ పుస్తకం సంగతి చెప్పగానే అన్నారు, "చూశావా, అక్కడా కులం లాంటిదే వుంది, అంతా వర్గమే" అని. వాళ్లు పుస్తకం చివరిదాకా చదవాలి. 1914 యుద్ధం వచ్చాక సాల్‌ఫర్డ్ మెట్లు కదిలాయని రాబర్ట్స్ రాశాడు. కూలీల జీతాలు పెరిగాయి, నిపుణుడికీ కూలీకీ యెడం తగ్గింది, యెప్పుడూ తలదించుకునే యిల్లు కొత్త బూట్లతో వీధిలోకొచ్చింది. డబ్బు వస్తే మెట్టు మారింది. నాకు వుద్యోగం వచ్చిన యేడు మండలం సెంటర్లో అద్దెయిల్లు వెతుక్కున్నాను. జీతం యెంతని యెవరూ అడగలేదు. యింటిపేరు అడిగారు. నాలుగిళ్లలో తాళం చేతికిచ్చినట్టే యిచ్చి వెనక్కి తీసుకున్నారు.

మరి మన కులమే ఆ దేశంలో అడుగుపెడితే? అదీ జరిగింది. 1950ల నుంచి పంజాబ్ మనుషులు బర్మింగ్‌హామ్, వూల్వర్‌హాంప్టన్ ఫౌండ్రీల్లో యినుము కరిగించడానికి వెళ్లారు. జాట్లూ వెళ్లారు, చమార్లూ వెళ్లారు. వొకే కొలిమి, వొకే మసి. అయినా గురుద్వారాలు వేరయ్యాయి. రవిదాసీలు తమ గుళ్లు తామే కట్టుకున్నారు, అంబేడ్కర్ సంఘాలు పెట్టుకున్నారు. అక్కడ పుట్టిన పిల్లల్ని బడిలో తోటి పిల్లలు కులం పేరుతో వేధించిన సంగతి 2010 డిసెంబర్‌లో బ్రిటిష్ ప్రభుత్వమే చేయించిన అధ్యయనంలో వుంది. అదే యేడు వచ్చిన సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చే వీలు వుంచారు. 2013లో చేర్చి తీరాలని పార్లమెంటు చెప్పింది. 2018 జూలైలో ప్రభుత్వం చేర్చబోమంది, కోర్టు తీర్పులు చాలంది. తెల్లవాడి వర్ణద్వేషం మీద యీ పట్నాల్లో పెరిగిన మనవాళ్లు బోలెడు జ్ఞాపకాలు చెప్పారు. యిల్లు అద్దెకివ్వని తెల్లవాణ్ణి మర్చిపోలేదు. పక్కింటి చమార్ పిల్లాణ్ణి తాము యేమని పిలిచారో ఆ జ్ఞాపకాల్లో వుండదు.

రాబర్ట్స్‌లో నేను గౌరవించేది అదే. మెట్ల పైన వున్నది తన కొట్టేనని దాచలేదు. మన దగ్గర 1994లో ఈదుమూడిలో దండోరా మొదలైనప్పటి నుంచి, 2024 ఆగస్టు 1న వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పిన రోజు దాకా, మాలపల్లె గురించి మాలలం రాసింది యెంత? మా పల్లె బావిలో మాదిగోళ్లను చేద వెయ్యనిచ్చేవాళ్లు కాదని మా నాయనమ్మే చెప్పేది. మామూలు సంగతిలాగా చెప్పేది, వానలు తక్కువ పడ్డ యేడు గురించి చెప్పినట్టు. వూరి కొట్టు అరుగు గురించి రాసే చేతికి యీ బావి గురించి రాయడం బరువెందుకవుతుంది?

సాల్‌ఫర్డ్‌లో వర్కింగ్ క్లాస్ మూవ్‌మెంట్ లైబ్రరీ అని వొకటి వుంది. ఫ్రో దంపతులు, రూత్, ఎడ్డీ, యింట్లో పోగేసిన పుస్తకాలు, కరపత్రాలు, యూనియన్ కాగితాలతో మొదలైంది. యిల్లు పట్టక 1987లో సాల్‌ఫర్డ్‌కి చేర్చారు. మనకు అంత యిల్లూ లేదు, అన్ని కాగితాలూ లేవు. బళ్లో వొక యినప బీరువా వుంది. పోయిన యేడు తొమ్మిదో తరగతి పిల్లల చేత వాళ్లు సరుకులు తెచ్చే కొట్టు గురించి రాయించాను. యెవరికి అరువిస్తారు, యెవరికి యివ్వరు, డబ్బు యెట్లా పుచ్చుకుంటారు. మాదిగపల్లె పిల్ల వొకతి మాలపల్లె కొట్టు గురించి రాసింది. చదివి వినిపిస్తుంటే మాలపల్లె పిల్లలు కదిలారు.

"యిట్టాంటియ్యి రాయొచ్చా సార్?" అన్నాడు వొకడు.

రాయమన్నాను. ముప్పై వొక్క నోటుపుస్తకాలు బీరువాలో వున్నాయి. యీ యేడు బావి గురించి రాయిస్తున్నాను. యింట్లో ముసలోళ్లని అడిగి రమ్మన్నాను.