బొమ్మా బొరుసూ: కాగితపు నోటును చదివే మాటలు

పాత నోట్లు పోగు చేసేవాళ్ళకు వాళ్ళదైన ఒక భాష ఉంది. ఈ పనికి ఇంగ్లీషులో నోటాఫిలీ అని పేరు. మా క్లాసులో ఆ మాట చెప్తే అందరూ నవ్వారు, ఏదో జబ్బు పేరులా ఉందని. కానీ ఆ భాషలోని మాటలు కొన్ని తెలిస్తే, చరిత్ర పుస్తకంలో పేజీలకు పేజీలు ఉన్నది ఒక్క నోటు మీద కనిపిస్తుంది. ఆ మాటల్ని తెలుగులో ఎట్లా చెప్పొచ్చో చూద్దామని ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ముందు నోటుకు ఉన్న రెండు వైపులు. వాళ్ళు ఆబ్వర్స్, రివర్స్ అంటారు. మనకు కొత్త మాట వెతికే పనే లేదు. క్రికెట్ ఆడేముందు రూపాయి ఎగరేసి "బొమ్మా, బొరుసా" అని అడుగుతాం కదా, అదే. తమాషా ఏమంటే మన దేశంలో ప్రభుత్వం వేసిన మొదటి నోట్లకు బొరుసే లేదు! 1861లో కాగితపు ద్రవ్య చట్టం వచ్చి, నోట్లు వేసే హక్కు ప్రభుత్వం చేతికి పోయింది. అప్పుడు వచ్చిన విక్టోరియా రాణి బొమ్మ నోట్లు (10, 20, 50, 100, 1000 రూపాయలవి) ఒకవైపే అచ్చయ్యాయి. రెండో వైపు తెల్ల కాగితం. వీటిని యూనిఫేస్ నోట్లు అంటారు. "ఒంటి మొహం నోట్లు" అంటే మనకు బాగా అర్థమవుతుంది.

ఆ రోజుల నోట్లతోనే పుట్టిన ఇంకో మాట హాఫ్ నోట్, అంటే సగం నోటు. అది చిరిగిన నోటు కాదు, కావాలని కోసింది. దూరం ఊరికి డబ్బు పంపాలంటే దారిలో దొంగల భయం. అందుకని నోటును రెండు ముక్కలు చేసి ఒక ముక్క టపాలో పంపేవాళ్ళు. అది చేరినట్టు కబురు వచ్చాక రెండో ముక్క పంపేవాళ్ళు. ఒక్క ముక్క దొరికిన దొంగకు చిల్లిగవ్వ కూడా రాదు. ఇప్పుడు మనకు ఓటీపీ వచ్చినట్టే కదా అనిపించింది నాకు.

ఇంకో మాట సర్కిల్. కలకత్తా, బొంబాయి, మద్రాసు అని దేశాన్ని సర్కిళ్ళుగా పంచారు. ఒక సర్కిల్‌లో వేసిన నోటుకు చట్టం ప్రకారం ఆ సర్కిల్‌లోనే డబ్బు ఇచ్చేవాళ్ళు. 1903 నుంచి 1911 లోపల 5, 10, 50, 100 రూపాయల నోట్లను ఒక్కొక్కటిగా దేశమంతా చెల్లేటట్టు చేశారు.

నాకు అన్నిటికంటే నచ్చిన మాట లాంగ్వేజ్ ప్యానెల్, భాషల పట్టీ. విక్టోరియా బొమ్మ నోటు మీద రెండే భాషలు. దొంగనోట్లు ఎక్కువై వాటిని తీసేసి, 1867లో వేరే నోట్లు తెచ్చారు. వాటిలో పచ్చరంగు నోట్ల మీద నాలుగు భాషలు. ఆ భాషలు ఏ సర్కిల్‌కు తగ్గట్టు ఆ సర్కిల్‌కు మారేవి. తర్వాత వచ్చిన ఎర్రరంగు నోట్ల మీద ఎనిమిది. ఇవాళ్టి నోటు బొరుసు వైపు పట్టీలో పదిహేను భాషలు ఉంటాయి. అస్సామీతో మొదలై ఉర్దూతో ముగుస్తాయి. ఇంగ్లీషు పేర్ల అక్షర క్రమంలో పేర్చారు కాబట్టి తెలుగు కింద నుంచి రెండోది, తమిళం కింద, ఉర్దూ పైన. కింద ఉంది కదా అని చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు! సోలాపూర్‌లో దుకాణాల బోర్డుల మీద తెలుగు వెతుక్కోవాలి గానీ, ఏ దుకాణం గల్లాపెట్టె తెరిచినా తెలుగు ఉంటుంది.

నంబరు దగ్గర చాలా మాటలున్నాయి, అన్నీ చెప్పను. నంబరు ముందు ఉండే అంకె, అక్షరాలు ప్రిఫిక్స్. నంబరు వెనకాల పెద్దగా కనిపించే ఒంటి అక్షరం ఇన్‌సెట్. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే నంబరును రాడార్ అంటారు. మనం దాన్ని వికటకవి నంబరు అనొచ్చు.

స్టార్ నోట్ గురించి మాత్రం అందరూ తెలుసుకోవాలి. అచ్చులో ఒక నోటు పాడైతే అదే నంబరుతో మళ్ళీ వేయడం కష్టం. దాని బదులు కట్టలో పెట్టే నోటుకు ప్రిఫిక్స్‌కూ నంబరుకూ మధ్య నక్షత్రం గుర్తు వేస్తారు. రిజర్వ్ బ్యాంక్ 2006లో 10, 20, 50 రూపాయల నోట్లతో ఇది మొదలుపెట్టింది. మా గల్లీలో ఒక కిరాణా దుకాణంలో మా నాయనమ్మ ఇచ్చిన 500 నోటు మీద నక్షత్రం చూసి "ఇది నకిలీది" అని వాపసు ఇచ్చారు. బీడీలు చుట్టి సంపాదించిన డబ్బు అది. ఆమె ఆ రోజంతా అన్నం సరిగ్గా తినలేదు. ఇట్లాంటి పుకార్లు చాలా తిరిగితే, 2023 జులైలో రిజర్వ్ బ్యాంకే స్టార్ నోట్లు అసలైనవే అని ప్రకటన ఇచ్చింది. ఒక్క మాటకు అర్థం తెలియకపోతే ఎవరి కష్టార్జితమో చెల్లకుండా పోతుంది.

నోటు కాగితం గురించి మా బాపుకు చెప్తే సంతోషించాడు. ఆయన పవర్‌లూమ్ మీద చాదర్లు నేస్తాడు. మన నోటు కాగితం వంద శాతం పత్తితో చేసింది. అంటే మన ఊరి చాదరూ, నోటూ అక్కచెల్లెళ్ళే. కానీ ఒక తేడా ఉంది. చాదర్‌లో పడుగు పోగు ఒకటి తప్పితే సేటు ధర తగ్గిస్తాడు. నోటులో అచ్చు తప్పితే ఎర్రర్ నోట్ అని ధర పెరుగుతుంది. ఇదేం న్యాయం అని బాపు అడిగాడు.

నోటు ఎంత బాగుందో చెప్పే మాటలను గ్రేడ్లు అంటారు. అసలు చేతులు మారనిది అన్‌సర్క్యులేటెడ్. అక్కడి నుంచి దిగుతూ పోతే ఫైన్, వెరీ గుడ్, గుడ్ వస్తాయి. గుడ్ అంటే బాగా నలిగి, మాసిపోయిన నోటు. మన ప్రోగ్రెస్ కార్డులో గుడ్ వస్తే ఇంట్లో మెచ్చుకుంటారు, ఇక్కడ మొహం తిప్పుకుంటారు. మన దేశపు పాత నోట్లు కొత్తగా ఉన్నా చిన్న రంధ్రాలు ఉంటాయి. బ్యాంకుల్లో కట్టలకు పిన్నులు కొట్టడం వల్ల వచ్చినవి అవి. 2001లో రిజర్వ్ బ్యాంక్ ఆ పిన్నులు ఆపమని చెప్పింది.

ఇక సంతకాలు. ఒకే నోటు వేరే వేరే సంతకాలతో వస్తే వాటిని సిగ్నేచర్ వెరైటీలు అంటారు. ఒక రూపాయి నోటు మీద ఆర్థిక శాఖ కార్యదర్శి, మిగతా వాటి మీద గవర్నర్ సంతకం చేస్తారు. మన్మోహన్ సింగ్ గారి సంతకం రెండు రకాల నోట్ల మీదా ఉంది. 2003 నుంచి 2013 దాకా గవర్నర్లు ఇద్దరూ తెలుగువాళ్ళే, వై.వి. రెడ్డి గారు, దువ్వూరి సుబ్బారావు గారు.

సంతకాలు ఎంత పెద్ద కథ చెప్తాయో హైదరాబాద్ నోట్లు చూస్తే తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువు వచ్చింది. అందుకని నిజాం ప్రభుత్వం 1918లో చట్టం చేసి 10, 100 రూపాయల నోట్లు తెచ్చింది, 1919లో 1, 5 రూపాయలవి. ఆ డబ్బు పేరు ఉస్మానియా సిక్కా. జనం హాలీ అన్నారు. ఇంగ్లీషువాళ్ళ రూపాయిని కల్దారు అన్నారు. 7 హాలీ రూపాయలకు 6 కల్దారు రూపాయలు. మన సోలాపూర్ బొంబాయి రాజ్యంలోది, కల్దారు ఊరు. తుల్జాపూర్ నిజాం రాజ్యంలోది, హాలీ ఊరు. మా ముత్తాత కరీంనగర్ వైపు నుంచి ఇక్కడికి మగ్గం పనికి వచ్చాడు. ఇక్కడ కల్దారు సంపాదించి ఊరికి పంపితే అక్కడ హాలీ అయ్యేదని నాయనమ్మ చెప్తుంది. ఆరు పంపితే ఏడు అవుతుందని ముత్తాత మురిసిపోయేవాడట.

ఆ హాలీ నోట్ల మీద ఇంగ్లీషుతోపాటు ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం ఉన్నాయి. ఈ నాలుగూ మన గల్లీ భాషలే! మన ఊళ్ళో పొద్దున పాలవాడి నుంచి రాత్రి రిక్షావాడి దాకా మాట్లాడే నాలుగు భాషలూ ఒక్క నోటు మీద.

వాటి మీద ఆ రాజ్యపు ఆర్థిక మంత్రుల సంతకాలు ఉండేవి. ఒకటి గులాం మహమ్మద్‌ది. ఆయన తర్వాత పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయ్యాడు. ఇంకోటి జాహిద్ హుస్సేన్‌ది. ఆయన పాకిస్తాన్ స్టేట్ బ్యాంకుకు మొదటి గవర్నర్. చివరి సంతకం డాక్టర్ జి.ఎస్. మేల్కోటే గారిది. ఆయన స్వాతంత్ర్య సమరంలో పాల్గొన్నాయన, 1952లో బూర్గుల రామకృష్ణారావు గారి మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి. సంతకాలు వరసగా పెట్టి చూస్తే నిజాం రాజ్యం పోయి ప్రజల ప్రభుత్వం రావడం కనిపిస్తుంది.

మా ఇంట్లో హాలీ నోటు ఒక్కటి కూడా మిగల్లేదు. మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళ పెట్టెల్లో, పాత భాగవతం పుస్తకాల మధ్య ఉండొచ్చు. ఉంటే దాన్ని ఇస్త్రీ చేయకండి, టేపు అంటించకండి, లామినేషన్ అసలే వద్దు. మడత ఉంటే ఉండనివ్వండి. బడికి నోటు తేవద్దు, ఫొటో తెస్తే చాలు. రెండు ఫొటోలు తీయండి, ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు. సంతకం ఉన్న చోట మాత్రం బాగా దగ్గర నుంచి తీయండి.