రహీం సాబ్ అడిగిన తోఫా

వాటం లేని కాలితో ఆడే టోర్నమెంటు ఒకటి పెట్టేవారు రహీం సాబ్. కుడికాలి వాటం కుర్రాడు ఎడమకాలితోనే బంతి కొట్టాలి. ఎడమకాలి వాటం వాడికి కుడికాలు. అలవాటైన కాలు ఆ పూటకి నిలబడటానికే. ఇంకో టోర్నమెంటులో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి వచ్చీ రాగానే పక్కవాడికి అందించెయ్యాలి తప్ప, ఇద్దర్ని తప్పించి ముగ్గురిని మురిపించే గారడీ కుదరదు. పొట్టి పిల్లలు పెద్దవాళ్ల మధ్య నలిగిపోకుండా, ఎత్తు కొలిచి వాళ్లకి వేరే పోటీలు.

కోచ్‌కి కప్పు కావాలి. పిల్లవాడికి రాని కాలు కూడా వచ్చేదాకా ఓపిక పట్టేది పంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు, ఆ తర్వాతే ఏమైనా.

1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, అక్కడి జట్టుకి ఆడారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇవీ ఆయన పాఠాలు చెప్పిన బళ్లు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, ఆటల బాధ్యత తలకెత్తుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు, కన్నుమూసేదాకా ఆ కుర్చీలో ఉన్నారు. సుద్దముక్క పట్టిన చేత్తోనే సంఘం లెక్కలూ రాశారు, జట్టు వ్యూహాలూ గీశారు.

ఆయనకి దొరికిన మట్టి కూడా మంచిదే. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల బారకాసులుండే చోటు ఒకటుంది పాతబస్తీ దక్షిణాన. బ్యారక్స్ అన్న మాటే నోళ్లలో నలిగి బార్కస్ అయింది. అక్కడి పిల్లలకి బంతి అంటే ప్రాణం. అటు సికింద్రాబాద్ కంటోన్మెంటులో తెల్ల సోల్జర్ల ఆట చూసి ఎదిగిన తమిళ, తెలుగు కుర్రాళ్లు. పోలీసుశాఖ పూనుకుని ఆటగాళ్లకి ఉద్యోగాలిచ్చి జట్టు కట్టింది. నెల తిరిగేసరికి జీతం వస్తే, పొద్దున్నే మైదానానికి రావడానికి అడ్డేముంటుంది!

1950లో సిటీ పోలీసు జట్టు రహీం చేతికొచ్చింది. ఆ ఏడే మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. బొంబాయి రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు ఎవరికీ వదల్లేదు. కలకత్తా పెద్ద క్లబ్బులకి హైదరాబాద్ అంటే గుబులు పుట్టిన రోజులవి. 1956-57లోనూ, ఆ మరుసటేడూ రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ కూడా మనదే.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఓ పేదింటి కుర్రాడుండేవాడు, తులసీదాస్ బలరాం. ఆట చూసి ప్రాక్టీసుకి రమ్మన్నారు రహీం. రావాలంటే దూరం, చేతిలో పైసా లేదు. ఆ మాట విని, అద్దె సైకిలుకని రోజుకో రూపాయి ఇవ్వసాగారు. కుర్రాడు తొక్కుకుంటూ వచ్చేవాడు, ఆడి, మళ్లీ తొక్కుకుంటూ పోయేవాడు. ఆ సైకిలు వాణ్ణి మెల్‌బోర్న్‌కి, రోమ్‌కి, జకార్తాకి చేర్చింది. రూపాయికి అంతకంటే గొప్ప మారకం ఈ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు.

దేశం జట్టూ ఆయన చేతికే వచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించి స్వర్ణం. మరుసటేడు హెల్సింకీ ఒలింపిక్స్. మనవాళ్లు చాలామంది వట్టికాళ్లతో దిగారు. యుగోస్లావియా 10-1తో ఊడ్చిపెట్టింది. పరువు పోయిందని ఏడుస్తూ కూర్చోలేదు రహీం. ఆటగాళ్ల కాళ్లకి బూట్లెక్కాయి. హంగేరీవాళ్లు లోకాన్ని గెలుస్తున్న తీరు గమనించి, సెంటర్ ఫార్వర్డ్‌ని కాస్త వెనక్కి దింపి ఆడించే పద్ధతి మనవాళ్లకి నేర్పారు. నాలుగేళ్లు తిరిగాయి. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని దాని సొంత గడ్డ మీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్‌కి చేరిన తొలి ఆసియా దేశం మనదే. నాలుగో స్థానంతో తిరిగొచ్చాం. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌ని 1-1 దగ్గర నిలబెట్టాం. ఆ జట్టులో రహీం కొడుకు హకీం కూడా ఉన్నాడు.

తర్వాత జకార్తా ఆసియా క్రీడలు, 1962. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. థాయిలాండ్ మీద గెలిచిన ఆటలో జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ క్రీడలకి రానివ్వకపోవడం తప్పని మన క్రీడాధికారి ఒకాయన అన్నందుకు ఊరంతా మనమీద కత్తికట్టింది. మన జెండా కనిపిస్తే ఈలలు, జాతీయగీతం వినిపిస్తే గోల. సెమీస్‌లో దక్షిణ వియత్నాంని 3-2తో దాటి ఫైనల్ చేరితే, ఎదురుగా మళ్లీ అదే కొరియా.

ఆ ఫైనల్ ముందు రహీం సాబ్ ఉపన్యాసమేమీ దంచలేదు. రేపు మీ దగ్గర్నుంచి నాకో తోఫా కావాలి, స్వర్ణం గెలవండి అని మాత్రం అడిగారు. ఆ జట్టువాళ్లు ముసలితనంలో కూడా ఆ మాట చెప్తూ గొంతు సవరించుకునేవారు.

సెప్టెంబర్ 4. లక్షమంది జనం, దాదాపు అందరూ కొరియా వైపే. మనకోసం గొంతెత్తింది పాకిస్తాన్ హాకీ జట్టు. డిఫెన్స్‌లో ఆడే జర్నైల్‌ని, తలకి కట్టుతోనే ఫార్వర్డ్‌గా దింపారు రహీం. కాపలా కాసేవాణ్ణి దాడికి పంపడం జూదం లాంటిదే. పి.కె. బెనర్జీ ఒకటి కొట్టాడు, జర్నైల్ ఒకటి కొట్టాడు. 2-1. హైదరాబాద్ పిల్లలు బలరాం, యూసుఫ్ ఖాన్, గోల్ ముందు తంగరాజ్ ఆ పదకొండుమందిలో ఉన్నారు. తోఫా అందింది.

తొమ్మిది నెలలు తిరిగాయి. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల కేన్సర్ రహీం సాబ్‌ని తీసుకుపోయింది. యాభై నాలుగు నిండలేదు. చేతివేళ్ల మధ్య వెలుగుతూ ఉండే సిగరెట్టు ఆయనకి ప్రాణస్నేహం. ఆ స్నేహమే ప్రాణం తీసింది. భారత ఫుట్‌బాల్‌ని రహీం సాబ్ తనతోపాటే గోరీలోకి తీసుకుపోయారని ఆయన శిష్యులు అనేవారు. అతిశయోక్తి అనుకుందామంటే లెక్కలు ఒప్పుకోవు. 1960 తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ గడప తొక్కలేదు. 1962 తర్వాత ఆసియా క్రీడల స్వర్ణం చూడలేదు. 1970లో ఒక కాంస్యం దక్కింది, దానికి కెప్టెన్ కూడా హైదరాబాదీ, సయ్యద్ నయీముద్దీన్.

హైదరాబాద్ పతనం మాత్రం ఒక్కరోజులో జరిగింది కాదు. దీపం ఆరాక కూడా వత్తి కాసేపు ఎర్రగా ఉంటుంది కదా. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు ఫైనల్లో బెంగాల్‌ని ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదే ఆఖరు. ఆ జట్టు కుర్రాడు మహమ్మద్ హబీబ్ ఆ తర్వాత కలకత్తా రైలెక్కాడు. అతని తమ్ముడు అక్బర్ ఎక్కాడు. నయీముద్దీన్ ఎక్కాడు, షబ్బీర్ అలీ ఎక్కాడు. పోలీసు కొలువు జీతం ఎంత, కలకత్తా క్లబ్బు ఇచ్చేది ఎంత? వాళ్లని తప్పుపట్టలేం. వెళ్లినవాళ్ల చోట కొత్తవాళ్లని నిలబెట్టే మనిషి ఇక్కడ లేడు, అదీ గొడవ. రహీం బతికున్నప్పుడూ ఆటగాళ్లు వెళ్లారు, బలరామే ఈస్ట్ బెంగాల్‌కి ఆడాడు. కాని ఒకడు వెళ్తే ఇద్దరు తయారుగా ఉండేవారు. ఎత్తు కొలిచి పెట్టే పొట్టిపిల్లల పోటీల్లోంచి వచ్చేవారు.

తర్వాత సంఘాల్లో కుర్చీల తగాదాలు ముదిరాయి. ఊరు పెరిగింది, ఖాళీ జాగాలు కరిగాయి. ఫతే మైదాన్ పేరు మారి లాల్ బహదూర్ స్టేడియం అయింది, ఊరి మనసు క్రికెట్ వైపు తిరిగింది. బార్కస్‌లో సాయంత్రాలు ఇప్పటికీ బంతి దొర్లుతూనే ఉంది. ఆ బంతికి దారి చూపే మాస్టారే కరువు.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అని కొత్త క్లబ్బు వచ్చింది. 2022 మార్చి 20న పెనాల్టీల్లో కేరళ బ్లాస్టర్స్‌ని ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మళ్లీ మంచి రోజులొచ్చాయని పాతకాపులు సంబరపడ్డారు. ఆ తర్వాత జీతాల బకాయిల కథలు మొదలయ్యాయి. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. డబ్బుతో వచ్చింది డబ్బుతోనే పోయింది. దాని కింద బడీ లేదు, పేటా లేదు.

2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ హైదరాబాదులోనే జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ. గెలిచింది బెంగాల్. పందిరి మనది, పెళ్లి ఎవరిదో.

ఆనాటివాళ్లు ఒక్కొక్కరే రాలిపోయారు. హకీం 2021లో గుల్బర్గాలో. బలరాం 2023 ఫిబ్రవరిలో, సైకిలు తొక్కిన ఊరికి ఎంతో దూరాన, కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో స్థిరపడి, ఆ కలకత్తాలోనే. హబీబ్ అదే ఏడు పంద్రాగస్టు నాడు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలయ్యేనాటికి రహీం సాబ్ పోయి 22 ఏళ్లు. 2024లో ఆయన కథతో హిందీలో ‘మైదాన్’ సినిమా వచ్చింది. చూసినవాళ్లు కళ్లు తుడుచుకుని లేచారు. ఆయనది మన ఊరే అని ఎంతమందికి తట్టిందో!

రహీం సాబ్‌ని కేన్సర్ తీసుకుపోయింది, దానికెవరూ ఏం చెయ్యలేరు. ఆయన్ని తయారుచేసిన బడి మైదానాన్ని మాత్రం మనమే పోగొట్టుకున్నాం. ఒక్క మనిషి భుజాన అంత బరువు పెట్టి, ఆ భుజం వాలాక ఇంకో భుజం వెతకలేదు. కనుక ఈ కథ చదివి నిట్టూర్చి ఊరుకోకండి. పిల్లల్ని బళ్లో చేర్చేటప్పుడు ఫీజెంత, ర్యాంకులెన్ని అని అడుగుతాం కదా. ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి. మైదానం ఉందా? పీఈటీ మాస్టారు ఉన్నారా?