తలంటూ షాంపూ

మా అమ్మ మొదటిసారి ఇంగ్లండు వచ్చినప్పుడు సూట్‌కేసులో ఆవకాయ సీసాల పక్కన రెండు కిలోల కుంకుడుకాయలు తెచ్చింది. నరకచతుర్దశి నాడు తెల్లవారుజామునే మనవరాలికి తలంటి పోయాలని ఆవిడ సరదా. ఆ రోజు బడి ఉంది. "వద్దమ్మా, నూనె వాసనంటూ తోటిపిల్లలు ఏడిపిస్తారు. షాంపూతో నేనే పోసేస్తాలే" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. కాయలు మళ్ళీ పొట్లం కట్టేసింది.

షాంపూ అన్న మాట మన దేశం నుంచే వచ్చిందని నాకు చాలా ఏళ్ళ తర్వాత, బ్రైటన్ వెళ్ళినప్పుడు తెలిసింది. అక్కడి సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో షేక్ దీన్ మహమ్మద్ సమాధి ఉంది. 1759లో పాట్నాలో పుట్టిన ఈయన ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసి, 1784లో ఐర్లండు చేరాడు. 1794లో తన ప్రయాణాల గురించి పుస్తకం వేశాడు. ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించిన మొదటి భారతీయుడు ఈయనే. 1810లో లండన్‌లో మన వంటకాలతో హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచి, రెండేళ్ళకే దివాలా తీశాడు. మనలాంటి వలసజీవే కదా, అక్కడితో ఆగిపోలేదు. 1814లో కుటుంబంతో బ్రైటన్ చేరి స్నానశాల నడిపాడు.

అక్కడ మూలికలు వేసిన ఆవిరి పట్టించి, చుట్టూ కట్టిన ఫ్లానెల్ గుడ్డ సందుల్లోంచి చేతులు పెట్టి ఒళ్ళంతా మర్దన చేసేవారు. దాన్నే షాంపూయింగ్ అన్నారు. హిందీలో 'చాంపో' అంటే ఒత్తు, పిసుకు అని అర్థం. నాలుగో జార్జి, నాలుగో విలియం రాజులకు ఆయన 'షాంపూయింగ్ సర్జన్' అయ్యాడు. 1851లో పోయాడు. ఆ మాట తల రుద్దుకోవడానికి వాడుకలోకి వచ్చింది 1860ల నాటికి. సీసాలో పోసి అమ్మడం ఆ తర్వాతి సంగతి.

కుంకుడుకాయకూ పేరులో చరిత్ర ఉంది. దాని శాస్త్రీయనామం సపిండస్ అంటే లాటిన్‌లో 'ఇండియా సబ్బు' అని. కాయలోని సాపోనిన్ల వల్లే నురుగు వస్తుంది. కంట్లో పడితే మంట మాత్రం మామూలుగా ఉండదు. చిన్నప్పుడు నేను ఏడుస్తుంటే మా అమ్మమ్మ నోట్లో ఉప్పుకల్లు వేసేది.

అందుకని షాంపూ మానేసి అందరం కుంకుడుకాయలు కొట్టుకోవాలని నేననను. వారం మధ్యలో ఎవరికి తీరిక? నన్ను ఆలోచనలో పడేసింది ఆ మాటకున్న అసలు అర్థం. అది చేతులతో చేసే పనికి పెట్టిన పేరు. సీసా ఆ పేరు ఉంచుకుని చేతుల్ని వదిలేసింది. ఆ రోజు నేను వద్దన్నది కూడా కుంకుళ్ళను కాదు, అమ్మ చేతుల్ని.

మొన్న దీపావళికి ఊరు వెళ్ళాం. అమ్మకిప్పుడు చేతులు సహకరించడం లేదు. నువ్వులనూనె గోరువెచ్చగా కాచి, మాడున పెట్టి, నేనే ఆవిడ తలకు మర్దన చేశాను. మా అమ్మాయి పక్కన కూర్చుని కుంకుడు రసం పిసికింది.

"ఎంతసేపు రుద్దాలమ్మా?" అని అడిగాను.

"నూనె ఇంకేదాకా" అంది అమ్మ, కళ్ళు మూసుకునే.