కదురు పట్టిన గొంతులు: ఫిన్లండ్ స్త్రీల బృందగానం వెనుక చరిత్ర

ఫిన్లండ్ జానపద సంగీతం అనగానే ఇవాళ బయటి ప్రపంచంలో చాలామంది చెవిన పడేది ముగ్గురో నలుగురో స్త్రీలు గొంతులు దగ్గరగా చేర్చి, పదునుగా, వేగంగా పాడే బృందగానం. దీనిని ఉత్తర దేశపు ఆదిమ నాదంగా పరిచయం చేయడం పరిపాటి అయింది. ఈ పరిచయంలో సగమే నిజం ఉంది. ఆ పాటల సాహిత్యంలో చాలా భాగం పాతదే. కాని వేరువేరు స్వరాలను ఒకేసారి కలిపి ఇలా పాడే పద్ధతి చాలావరకు 1980ల తరువాత తయారయింది. పాత పాటకూ కొత్త గొంతుకూ నడుమ నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. దానిని పక్కనపెట్టి ఈ సంగీతాన్ని కేవలం అందం కోసం వింటే, ఆ పాటలు కట్టిన స్త్రీలను మరొకసారి మరచిపోయినవాళ్లమవుతామని నా అభిప్రాయం.

ఫిన్లండ్ 1809 దాకా స్వీడన్ ఏలుబడిలోనూ, ఆపైన 1917 దాకా రష్యా జారు ఏలుబడిలోనూ ఉండిన దేశం. చదువుకున్నవాళ్ల భాష స్వీడిష్. రైతుల భాష ఫిన్నిష్. తమకూ ఒక భాష, ఒక గతం ఉన్నాయని చాటుకోవాలనే ఆకాంక్ష 19వ శతాబ్ది మొదటి భాగంలో విద్యావంతులలో బలపడింది. 1831లో ఫిన్నిష్ సాహిత్య సంఘం ఏర్పడింది. ఎలియాస్ లోన్రోత్ అనే వైద్యుడు, ఒక దర్జీ కొడుకు, తూర్పు సరిహద్దున కరేలియా గ్రామాలు తిరిగి పాటలు సేకరించాడు. 1835లో ‘కాలెవాలా’ వెలువడింది. 1849లో 22,795 పాదాలతో దాని విస్తృత రూపం వచ్చింది. ఒక చిన్న జాతికి ఇతిహాసం దొరికింది.

ఆ ఇతిహాసానికి ముఖ్య గాయకులుగా పేరుకెక్కినవారు అర్హిప్ప పెర్త్తునెన్ వంటి పురుషులు. స్త్రీల పాటలు ప్రధానంగా మరో గ్రంథంలో చేరాయి. 1840–41లో లోన్రోత్ ప్రచురించిన ‘కాంతెలెతార్’లో 652 పాటలున్నాయి. తిరగలి, ఊయల, పశువుల కాపలా, దిక్కులేని పిల్ల ఏడుపు, పుట్టింటి బెంగ, అత్తింటి ఆరళ్లు అందులో నిండి ఉన్నాయి. 1838లో ఉత్తర కరేలియాలోని ఇలొమన్త్సి ప్రాంతంలో మతేలి కుయివలతార్ అనే స్త్రీ ఆయనకు ఎన్నో పాటలు పాడి వినిపించింది. ఆ గ్రంథానికి ఆమె ప్రధానమైన ఆధారాలలో ఒకరని పరిశోధకులు తేల్చారు. కాని అచ్చయిన పాట కింద పాడిన మనిషి పేరు లేదు. పాట ‘జాతి’ సొత్తు అయింది. జాతి అనే మాటకు అప్పట్లో గొంతు ఎవరిదో అడిగినవారు తక్కువ.

ఈ పాటల నిర్మాణం గురించి కొంత చెప్పాలి. పాదానికి సాధారణంగా ఎనిమిది అక్షరాలు. అంత్యప్రాస నియమం లేదు. పాదంలో మాటల మొదటి ధ్వనులు కలుస్తాయి. మన యతి ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. మొదటి పాదం చెప్పిన మాటనే రెండో పాదం వేరే మాటల్లో తిరిగి చెబుతుంది. స్వరాల పరిధి చిన్నది, తరచు ఐదు స్వరాలు దాటదు. నడకలో ఐదు దెబ్బల లయ చాలాచోట్ల వినిపిస్తుంది. మన ఖండగతిని తలపిస్తుంది. పనిచేసుకుంటూ ఒక్కరే పాడేవారు. ఫిన్లండ్ ఖాతానికి తూర్పున ఉన్న ఇంగ్రియాలో పాట ఎత్తుకునే స్త్రీ ఒకతె, అందుకునే గుంపు ఒకటి ఉండేవి. పెళ్లిలో వధువును సాగనంపే పాటలూ, మగపెళ్లివారిని ఎగతాళి చేసే పాటలూ ఈ గుంపుల చేతిలోనే ఉండేవి.

ఈ స్త్రీలలో పేరు మిగుల్చుకున్న మనిషి లారిన్ పరాస్కె. ఆమె 1833లో ఇంగ్రియాలో, భూస్వాముల కింద కట్టుబానిసలుగా బతికే కుటుంబంలో పుట్టింది. రష్యాలో ఆ దాస్యం రద్దయ్యేసరికి, అంటే 1861కి, ఆమెకు ఇరవై ఏడేళ్లు. రోగిష్టి భర్త, కన్న పిల్లల్లో ఎక్కువమంది చావు, చాలని తిండి. పీటర్స్‌బర్గ్ అనాథ శిశుశాల నుంచి పిల్లలను తెచ్చి కూలికి పెంచింది. ఆడాల్ఫ్ నియోవియస్ అనే మతగురువు ఆమె నోట రాసుకున్న పాదాలు 32,000 పైచిలుకు. 1890ల మొదట్లో ఆయన ఆమెను పోర్వో పట్టణానికి రప్పించాడు. చిత్రకారుడు ఎడెల్‌ఫెల్ట్ 1893లో ఆమె బొమ్మ వేశాడు. యువ సంగీతకర్త సిబేలియస్ ఆమె పాట విన్నాడు. జాతీయోద్యమపు కళలో ఆమె ముఖం ఒక గుర్తు అయింది. తిరిగి ఊరికి వెళ్లాక పన్నుల బకాయి కింద ఆమె ఇల్లు పోయింది. ఆలస్యంగా ఒక చిన్న పింఛను వచ్చింది. 1904లో పేదరికంలోనే కన్నుమూసింది. హెల్సింకీలో ఇవాళ ఆమెకు విగ్రహం ఉంది.

ఇదే కాలంలో బహుస్వర గానం ఫిన్లండ్‌లో లేకపోలేదు. అది చర్చిలోనూ, విశ్వవిద్యాలయ విద్యార్థుల పురుష గాయక బృందాలలోనూ, జర్మన్ పద్ధతి నాలుగు స్వరాల అమరికలో ఉండేది. పల్లె స్త్రీ పాటకు అందులో చోటు లేదు. మరోవంక అంత్యప్రాసల కొత్త పాటలూ, అకార్డియన్ పెట్టే వచ్చి పాత పాటను ఊళ్లలోనే పక్కకు నెట్టాయి. పాట జనం నోటినుంచి బీరువాలోకి మారింది. సాహిత్య సంఘం 1908–1948 మధ్య 33 సంపుటాలు, 1997లో మరొకటి వెలువరించింది. వాటిలో దాదాపు 89 వేల పాఠాలున్నాయి. సేకరించినవారి శ్రమను తక్కువ చేయనవసరం లేదు. అయితే బీరువాలో ఉన్న పాటను ఎవరైనా వాడుకోవచ్చు. రెండు యుద్ధాల నడుమ ఫిన్లండ్ మితవాదులు కరేలియా పాటలను చూపి కరేలియా భూమి తమదన్నారు. 1941–44లో సైన్యంతో తూర్పు కరేలియాను ఆక్రమించారు. సరిహద్దుకు అవతల, సోవియట్ పాలనలో, 1930లలో ఇంగ్రియా ఫిన్నులను వేలాదిగా ఊళ్లనుంచి బలవంతంగా తరలించారు. పరాస్కె పుట్టిన సీమలో పాట ఆగిపోవడానికి ఇది ముఖ్య కారణం. అభ్యుదయవాదులమైన మనం ఈ రెండోదాన్ని చెప్పకుండా మొదటిదాన్ని మాత్రమే చెబితే అది చరిత్ర కాదు. ఇటు యుద్ధానంతరం ఫిన్లండ్ కోల్పోయిన కరేలియానుంచి నాలుగు లక్షలమందికి పైగా ఇళ్లు వదలి వచ్చారు.

ఇంత జరిగాక పాటను తిరిగి నోట పట్టడం సులువైన పని కాదు. అందుకు కొన్ని సామాజిక పరిస్థితులు కలిసివచ్చాయి. 1968లో కౌస్తినెన్ అనే పల్లెలో జానపద సంగీతోత్సవం మొదలయింది. 1970లలో వామపక్ష యువత నడిపిన రాజకీయ గీతోద్యమం, అగిత్‌ప్రోప్ వంటి బృందాలు, కలిసి పాడడాన్ని మళ్లీ ప్రజల వ్యవహారం చేశాయి. 1983లో సిబేలియస్ అకాడమీ జానపద సంగీత శాఖను తెరిచింది. హైక్కి లైతినెన్ నాయకత్వంలోని ఆ శాఖ విద్యార్థులకు బీరువా తలుపు తీసింది. మన్నన చేసి అద్దాల వెనుక పెట్టడం కాదు, పాడి మార్చుకోవడమే సంప్రదాయమని నేర్పింది.

అదే 1983లో ఉత్తర కరేలియాలోని ర్యాక్కుల్యా అనే చిన్న ఊళ్లో సారి కాసినెన్, మరి కాసినెన్ అనే అక్కచెల్లెళ్లతో, వారి తల్లి ప్రోత్సాహంతో, పిల్లల బృందం ఒకటి మొదలయింది. దాని పేరు ‘వ్యార్తినా’. ఫిన్నిష్‌లో ఆ మాటకు కదురు అని అర్థం. మతేలి పాడిన ప్రాంతమూ ఈ ఉత్తర కరేలియాయే. పిల్లల గుంపు చిన్నదై, అకాడమీలో చదువుకున్న వాద్యకారులు చేరి, 1991లో ‘ఓయ్ దై’, 1992లో ‘సెలెనికో’ రికార్డులు వచ్చాయి. పల్లె పాట పాప్ సంగీతం వినే యువతరానికి చేరింది.

ఆ బహుస్వరం ఎక్కడిది? కొంత చర్చి, పాఠశాల గాయక బృందాల అలవాటు. ఎక్కువ భాగం ఇరుగుపొరుగుది. ఎస్టోనియా ఆగ్నేయ మూల సెతు స్త్రీలు ఒకరు పాదం ఎత్తుకుంటే తక్కినవారు భిన్న స్వరాలలో అందుకుంటారు. అందరికన్నా పైస్వరాన్ని ఒక్క గొంతే మోస్తుంది. వోల్గా ప్రాంతపు మొర్ద్విన్ జనంలోనూ పక్కపక్క స్వరాలు ఒరుసుకునే గానం ఉంది. ఈ అమ్మాయిలు ఫిన్నిష్‌కు దాయాది భాషలైన ఆ జనాల పాట విన్నారు. మెత్తని చర్చి గొంతు వదలి గుండెలోంచి వచ్చే బిగువైన గొంతు పట్టారు. అకాడమీ నుంచి వచ్చిన ‘నియెక్కు’, ‘మెనైసెత్’ బృందాల స్త్రీలు కూడా ఈ తోవలో పనిచేశారు. రెండో పేరుకు ‘మేం ఆడవాళ్లం’ అని అర్థం.

ఈ పేరులోనే నేను చెప్పదలచిన విషయం ఉంది. పాత పాటలో ‘నేను’ ఒంటరిది. గోడకు, అడవికి, చనిపోయిన తల్లికి చెప్పుకునే ‘నేను’ అది. నలుగురు కలిసి, గొంతుకు గొంతు ఆనించి పాడినప్పుడు అదే ఫిర్యాదు నిందారోపణ అవుతుంది. తాగుబోతు మొగుడిమీది పాట ఏడుపుగా కాక ఎగతాళిగా వినిపిస్తుంది. సాహిత్యం మారకుండానే పాట పక్షం మారింది. కేవలం సంగీత శాస్త్రం పరిభాషలో దీనిని వివరించబోతే ఈ మార్పు కనబడదు.

గిటారు, డ్రమ్ములు చేర్చి పాటను పాడుచేశారనే విమర్శ వచ్చింది. ఈ విమర్శను నేను అంగీకరించలేను. శుద్ధత పేరుతో పాటను కదలకుండా పెట్టినవారు దాన్ని పాడినవారిని ఎలా చూశారో పరాస్కె జీవితం చెబుతోంది. అసలు ప్రమాదం అంగడిలో ఉంది. ‘ప్రపంచ సంగీతం’ పేరిట ఏ ఊరి వేదననైనా చెవికింపైన వింత వస్తువుగా అమ్మగల శక్తి అంగడికి ఉంది. 2006లో టొరంటోలో, 2007లో లండన్‌లో ప్రదర్శించిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సంగీత నాటకానికి మన ఎ.ఆర్. రహమాన్‌తో కలిసి వ్యార్తినా సంగీతం కూర్చింది. గొప్ప గౌరవమే. కాని అక్కడ ఆ గొంతులు ఎవరి ఊరివీ కాని కల్పిత లోకానికి నేపథ్యం అయ్యాయి. ఆ బృందం 2015లో ‘వియెన’ అనే రికార్డుకోసం సరిహద్దు దాటి, పాత గాయకులుండిన వియెన కరేలియా గ్రామాలకు తిరిగి వెళ్లింది. పాట ఏ నేలదో అడగడం మానలేదనడానికి ఇది నిదర్శనం.

జానపద సంగీత పునరుద్ధరణను అంచనా వేయడానికి ఎంత పాతదాన్ని బతికించారన్న కొలత చాలదు. పాట కట్టిన వర్గం, పాడిన స్త్రీ, ఆమె పేరు, ఆమె కూలి తిరిగి పాటలోకి వచ్చాయా లేదా అని చూడాలి. ఫిన్లండ్ స్త్రీల బృందగానం ఈ పనిని కొంత చేసింది. మతేలి, పరాస్కె పేర్లు ఇవాళ కొత్త గాయనులకు తెలుసు. ఇంగ్రియా పల్లెల్లో ఆగిపోయిన గొంతుల సంగతి మాత్రం ఏ రికార్డూ సరిదిద్దలేదు. అది చరిత్రకారులు తీర్చవలసిన బాకీ.