చుక్క, గీత, పొల్లు: ఒక పుట పరిష్కరణ కథ

గ్రంథకర్త పేరు అందరికీ తెలుసు. వ్యాఖ్యాత పేరు కొందరికి తెలుసు. పరిష్కర్త పేరు మాత్రం పీఠిక చదివిన వారికే తెలుస్తుంది. తాళపత్రాల కాలంనుండి కంప్యూటరు కాలం వరకు ఈ స్థితి పెద్దగా మారలేదు. యూనిక్సు అనే వ్యవస్థలోని ‘షెల్’ మాన్యువల్ పుటలకు జరిగిన అక్షర సంస్కారాల చరిత్ర చదివినప్పుడు నాకీ సంగతి మరింత స్పష్టమైంది.

షెల్ అంటే మనం టైపు చేసిన ఆజ్ఞను గ్రహించి, యంత్రం చేత చేయించే మధ్యవర్తి. దాని నియమాలన్నీ మాన్యువల్ పుటలో ఉంటాయి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ కూర్చిన యూనిక్సు మాన్యువల్ తొలి ప్రతి 1971 నవంబరు 3వ తేదీతో వెలువడింది. ప్రతి పుటలోనూ పేరు, ప్రయోగ సంగ్రహం, వివరణ ఒక క్రమంలో వచ్చేవి. చివర ‘దోషాలు’ అనే శీర్షిక కూడా ఉండేది. తమ రచనలోని దోషాలను తామే ప్రకటించుకున్న ఆ సంప్రదాయం మెచ్చుకోదగినది. 1989లో బ్రయాన్ ఫాక్స్ రచించి విడుదల చేసిన ‘బ్యాష్’ షెల్ పుటలోనూ ఆ శీర్షిక నిలిచింది. తాను మరీ పెద్దదనీ, మరీ నిదానమనీ ఆ షెల్ అక్కడ ఒప్పుకుంటుంది!

ఈ పుటలు సరాసరి కనబడే రూపంలో వ్రాసినవి కావు. మూలప్రతిలో పాఠంతోపాటు, ‘ఇది శీర్షిక, ఇది లావు అక్షరం’ అని చెప్పే సంకేతాలు ఉంటాయి. వాటిని చదివి పుటను తీర్చేది రాఫ్ కుటుంబానికి చెందిన ప్రోగ్రాము. 1964లో జెరోమ్ సాల్జర్ వ్రాసిన రనాఫ్ దీనికి మూలపురుషుడు. జో ఒసానా ట్రాఫ్‌ను నిర్మించాడు. 1977లో ఆయన మరణించాక బ్రయాన్ కెర్నిహన్ దానిని చేపట్టాడు. 1990లో జేమ్స్ క్లార్క్ గ్రాఫ్‌ను తెచ్చాడు.

ఇక చిక్కు ఎక్కడున్నదో చూడండి. రాఫ్ భాషలో పంక్తి మొదట చుక్క వస్తే, అది పాఠం కాదు, ఆజ్ఞ. షెల్‌లోనేమో చుక్కయే ఒక ఆజ్ఞ. చుక్కతో మొదలయ్యే ఫైలు పేర్లకు కొదువ లేదు. అటువంటి పేరు మూలప్రతిలో పంక్తి మొదటికి జరిగితే, రాఫ్ దానిని తనకు తెలియని ఆజ్ఞగా భావించి మౌనంగా మింగివేస్తుంది. పాఠకుడికి ఆ పంక్తి కనబడదు. లోపించిందని కూడా తెలియదు. లేఖకుడు వదలివేసిన పద్యపాదాన్ని ఏకైక ప్రతితో ఎవరు కనిపెట్టగలరు?

గీత కథ ఇంకా సూక్ష్మం. మూలప్రతిలో ఉత్త గీత పెడితే అది పదాలను కలిపే హైఫన్. ముందు వెనుకవాలు గీత చేర్చి పెడితే అది మైనస్. పాత తెరలమీద రెండూ ఒకటిగానే కనబడేవి కనుక ఎవరూ పట్టించుకోలేదు. యూనికోడ్ వచ్చాక రెండూ వేరు వేరు అక్షరాలైనాయి. పుటనుండి ఆజ్ఞను ఎత్తి తెచ్చి షెల్‌లో అతికిస్తే, హైఫన్ వచ్చినచోట ఆ ఆజ్ఞ దానిని ఐచ్ఛికంగా గుర్తించదు. అదేదో ఫైలు పేరనుకొని, అట్టి ఫైలు లేదని జవాబిస్తుంది. కంటికి రెండూ ఒక్కటే, యంత్రానికి కావు. అందుకే పరిష్కర్తలు పుట వెంట పుట తీసుకొని గీతలు దిద్దుతూ వచ్చారు.

2023 జూలైలో వచ్చిన గ్రాఫ్ 1.23 ఈ భేదాన్ని కచ్చితంగా పాటించేసరికి వాదం రేగింది. తప్పు మూలప్రతులదే, వాటినే దిద్దాలని ఒక పక్షం. వేల పుటలు దిద్దేలోగా చదువరి ఎందుకు నష్టపోవాలని మరొక పక్షం. డెబియన్ వారు రెండవ పక్షం వహించి, తమ వ్యవస్థలో ఉత్త గీతను మళ్ళీ పాత గీతగానే చూపించారు. లక్షణం ముందా, లక్ష్యం ముందా అని మన పండితులు తరతరాలుగా వాదించుకున్నదే ఇక్కడా వాదమైంది.

బ్రౌన్ దొరను స్మరించకుండా తెలుగువాడు పరిష్కరణ గురించి మాట్లాడలేడు. కడపలో తన బంగళాలోనే పండితులకు, లేఖకులకు ఆశ్రయమిచ్చి, ఒక్కొక్క గ్రంథానికి అనేక ప్రతులు సేకరించి, పాఠాంతరాలు పోల్చి శుద్ధప్రతులు వ్రాయించాడు. ఆయన వేమన పద్యాలు 1829లో అచ్చయినాయి. పదాల మధ్య ఎడం లేని తాటాకు ప్రతులను అర్థమయ్యే పాఠంగా విడదీసిన ఆ శ్రమ ఎంతటిదో ఊహించవచ్చు.

ఆ పని నేటికీ మిగిలే ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో పొల్లు తరువాత కంటికి కనబడని ఒక యూనికోడ్ సంకేతం ఉన్నది. అది జారిపోతే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. మాట వెదికినప్పుడు ఒక రూపానికి రెండవది దొరకకపోవచ్చు. పాత పుస్తకాలలోని నకారపొల్లుకు యూనికోడ్‌లో వేరే స్థానం 2021లో గాని రాలేదు. అంతవరకు పాత అచ్చును ఉన్నదున్నట్టు ఎక్కించే మార్గమే లేకపోయింది.

మా నస్రుల్లాబాదులోనైనా, మహానగరంలోనైనా నేటి విద్యార్థి తెరమీది పాఠాన్నే ప్రమాణంగా గ్రహిస్తున్నాడు. తాటాకు ప్రతిలో తప్పు ఒక ఊరికి పరిమితం. తెరమీది తప్పు క్షణంలో వేయి ప్రతులకు ప్రాకుతుంది. అందుచేత మూలప్రతిని దిద్దడమే శాశ్వతమైన పరిష్కారమని నా అభిప్రాయం. అయితే అది పూర్తయ్యేదాకా చదువరిని నిరీక్షింపజేయడం న్యాయం కాదు. చుక్కనూ, గీతనూ, పొల్లునూ ఓపికగా దిద్దే ఆ అజ్ఞాత పరిష్కర్తలకు మన భాషలోనూ కొరత లేకుండుగాక!